సైలెన్సర్ నీళ్లు, చాంద్‌బీ ఒట్టు

బల్మూర్ చౌరస్తాలో చాంద్‌బీ నోటి నుంచి "ఎందుకు" అన్న మాట వచ్చిందంటే, ఈరన్న హోటల్లో టీ తాగేవాళ్లు గబగబా గ్లాసులు ఖాళీ చేసి లేచేవాళ్లు. జవాబు తెలిసినవాళ్లు తక్కువ, తెలియదని ఒప్పుకునేవాళ్లు ఇంకా తక్కువ. పోనీ, ఆమె వదిలే రకమా అంటే అదీ కాదు. బస్సు పోతుంటే అద్దం మీది చినుకులు పక్కకు ఎందుకు పాకుతాయి, పల్లిచెట్టుకు పువ్వు పైన పూసి కాయ మట్టిలో ఎందుకు కాస్తుంది, కొత్త చెప్పుల జతలో ఒక్కటే ఎందుకు కరుస్తుంది, ఇవన్నీ ఆమెకు కావాలి. ఎదుటి మనిషి "ఏమో" అంటే ఊరుకోవచ్చు కదా. ఊరుకోదు. మర్నాడు ఆ మనిషి కనపడితే అక్కడి నుంచే మళ్లీ మొదలుపెడుతుంది.

ఈ గుణం గద్వాలలో పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. తండ్రి అక్కడ వాడవాడ తిరిగి గాజులు అమ్మేవాడు. పచ్చ గాజుకు పచ్చదనం పైపైనేనా, లోపల కూడా ఉందా అని చూడటానికి, ఎవరి పెళ్లికో తెచ్చిపెట్టిన గాజుల్ని ఈమె రాతి మీద కొట్టి చూసింది. వీపు విమానం మోత మోగింది. అయినా లోపల కూడా పచ్చగానే ఉందని తెలిసినందుకు, ఏడుస్తూనే సంతోషపడ్డానని తనే చెప్పుకుంటుంది. అటువంటి పిల్లను ఖాజా మియాకు ఇచ్చి బల్మూర్ పంపారు. ఖాజా మియా నోట్లో నాలుక లేని మనిషి. పాత పెట్రోలు ఆటో ఒకటి అచ్చంపేటకు తోలుకుంటూ, ఇంట్లో పెళ్లాం అడిగే ప్రశ్నలకు తల ఊపుకుంటూ బతికేవాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, కౌసర్.

అప్పట్లో, అంటే రెండు వేల ఆరు ప్రాంతంలో, ఊళ్లో మోటర్‌సైకిళ్లు పెరిగాయి గానీ పెట్రోల్ బంకు లేదు. మధ్య దారిలో బండి ఆగితే నెట్టుకుంటూ పోవాల్సిందే. ఖాజా మియా వస్తూ వస్తూ అచ్చంపేట బంకు నుంచి క్యానులో పెట్రోలు తెచ్చేవాడు. చాంద్‌బీ చౌరస్తాలో రేకుల నీడన ఒక బల్ల వేసి దాన్ని సీసాల్లో పోసి అమ్మేది. మిగతా ఊళ్లలో నల్ల డబ్బాల్లో అమ్ముతుంటే ఈమె తెల్లటి గాజు సీసాలే వెతికి తెచ్చుకుంది. ఎందుకూ అంటే, "లోపల ఏమున్నదో కొనేటోడు సూడాలె గద" అనేది.

అంత జాగ్రత్త పడ్డ మనిషి మీదే కల్తీ మాట వచ్చింది.

పుష్యమాసం. ఎముకలు కొరికే చలి. ఎరువుల దుకాణం నరేందర్ కొత్తగా ఒక మారుతి కారు కొన్నాడు. కొత్తగా అంటే అతనికి కొత్త, కారు పాతదే. ఇంటిల్లిపాదినీ సోమశిలకు తీసుకుపోయి, కృష్ణలో స్నానాలు చేయించి, గుడి ముందు బండికి పూజ చేయించాలని బయలుదేరాడు. కారు ఈరన్న హోటల్ ముందు ఆగి ఉంది. ఆడవాళ్లు ఎక్కి కూర్చున్నారు. నరేందర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. వెనక్కి తీయడానికి దారి చూపిస్తానని అతని తండ్రి బక్కయ్య కారు వెనక నిలబడ్డాడు.

సైలెన్సర్ గొట్టం లోంచి నీళ్లు కారుతున్నాయి. ఒక్కో చుక్కే కాదు, ఆగి ఆగి ధారగా కూడా. కింద దుమ్ములో చిన్న గుంట పడింది.

"కారు ఉచ్చ పోస్తున్నది సూడుండ్రి," అన్నాడు హోటల్లోంచి ఎవరో. అందరూ నవ్వారు. బక్కయ్య నవ్వలేదు. వంగి, వేలితో తడి ముట్టి, వాసన చూశాడు. బక్కయ్య ఏండ్ల తరబడి బర్రె పాలు అమ్మిన మనిషి. తన పాలల్లో ఏనాడూ చుక్క నీళ్లు కలపలేదని ఆయన గర్వం. ఎదుటివాడి పాలల్లో కలిస్తే వేలు ముంచి చెప్పగలనని ఇంకో గర్వం.

"ఇవి నీళ్లే," అన్నాడు. "నిన్న పొద్దుమీకి పెట్రోల్ ఎవరి దగ్గర పోపిచ్చినవ్‌రా?"

నరేందర్ చెప్పడానికి జంకాడు. "ఖాజా భాయ్ వాళ్ల బల్ల మీద," అన్నాడు.

ఇక చూడండి. బక్కయ్య గొంతు చౌరస్తా అంతా వినపడింది. పాలల్లో నీళ్లు కలిపేవాళ్లను చూశాను గానీ పెట్రోలులో నీళ్లు కలిపేవాళ్లను ఇప్పుడే చూస్తున్నానన్నాడు. ఈ బండిలో పోతే కల్వకోలు దాటకముందే ఆగిపోతుందని, దిగమని ఆడవాళ్లను గద్దించాడు. పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు మూటలతో సహా కిందికి దిగి బస్సు కోసం నిలబడ్డారు. వాళ్లు చాంద్‌బీ వైపు చూసిన చూపు, బక్కయ్య తిట్లకంటే ఎక్కువ తగిలింది.

చాంద్‌బీ అప్పుడు బల్ల పక్కన పీట మీద కూర్చుని కౌసర్‌కు జడలు వేస్తోంది. బడికి టైమవుతోంది. సగం అల్లిన జడ వదిలిపెట్టి లేచింది.

"పెద్దనాయన, నీళ్లు పెట్రోల్ల కలువయి. నువ్వే సూడు," అంటూ ఒక సీసా తీసి అందరి ముందూ దాంట్లో గ్లాసుడు నీళ్లు పోసింది. నీళ్లు అడుక్కు దిగి గీత గీసినట్టు వేరుగా నిలబడ్డాయి. మిగతా సీసాలన్నీ ఎండలో ఎత్తి పట్టుకుని చూపించింది. ఒక్కదాంట్లోనూ గీత లేదు.

బక్కయ్య తగ్గలేదు. "సీసలల్ల లేవు, సరే. మరి గొట్టంలకెళ్లి కారిన నీళ్లు ఎక్కడియి? ఆకాశంలకెళ్లి పడ్డయా? నువ్వే చెప్పు."

చాంద్‌బీ కారు వెనక దుమ్ములో పడ్డ గుంట వైపు చూసింది. నిజంగానే, ఎక్కడివి అవి?

గొడవ పెద్దదవుతోందని ఈరన్న హోటల్ గల్లా దిగి వచ్చాడు. ఆ చౌరస్తాలో ఆయన మాటకు విలువ ఉంది. పొలం గట్టు తగాదా అయినా, కోడి పోయినా, ఆయన చేసే తీర్పు ఒకటే. "ఇంత లొల్లి ఎందుకు? చాంద్‌బీ, నీ బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి కలపలేదని ఒక్క మాట చెప్పు. అయిపాయె. ఇగ ఎవడన్న మాట్లాడితే నేను అడుగుత."

బిడ్డ తల మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్తే బిడ్డ దక్కదని ఆ ఊళ్లో చిన్నా పెద్దా అందరి నమ్మకం. హిందువులైనా, ముస్లిములైనా ఆ ఒట్టుకు మించిన సాక్ష్యం లేదు. చాంద్‌బీ మళ్లీ కూర్చుని సగంలో ఆపిన జడ అందుకుంది. ఆమె రెండు చేతులూ అప్పటికే కౌసర్ తల మీదే ఉన్నాయి. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు.

చాంద్‌బీ చేతులు రెండూ వెనక్కి తీసుకుంది.

"పెట్ట," అంది. "ఆ నీళ్లు ఎక్కడియో నాకు తెల్వదు. తెల్వని దాని మీద నా బిడ్డ నెత్తిన చెయ్యి పెట్ట."

ఖాజా మియా ఆటోలోంచి తల బయటపెట్టి, పెట్టమన్నట్టు చేత్తో సైగ చేశాడు. ఆమె చూడలేదు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒట్టు పెట్టలేదంటే దాని అర్థమేమిటో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఆ రోజు నుంచి బల్ల మీది సీసాలు కదల్లేదు. మోటర్‌సైకిళ్లవాళ్లు బండి నెట్టుకుంటూ పోవడానికైనా సిద్ధమే గానీ ఆమె దగ్గర ఆగడం లేదు. పొద్దున్నే గిరాకీతో కళకళలాడే బల్ల ముందు కుక్క పడుకుంటోంది. ఆమె ఎదురొస్తే మాట్లాడేవాళ్లు కూడా మాట్లాడుతూనే కళ్లు పక్కకు తిప్పుకుంటున్నారు. ఇంట్లో ఖాజా మియా మొదటిసారి నోరు విప్పాడు.

"కలపలే గద మనం. ఒట్టు పెడితే పోయేది గద. ఇప్పుడు నిన్ను దొంగ అంటుండ్రు."

"నువ్వు కలపలే. నేను కలపలే," అంది చాంద్‌బీ. "తొవ్వల క్యాను ఎవడన్న ముట్టిండా? బంకుల ఏమయిందో నాకు తెలుసా? నీళ్లు కారింది నా కండ్లతోని సూసిన. అవి ఎక్కడియో తెల్సినంకనే నోరు తెరుస్త."

"తెల్వకపోతే?"

"తెలుసుకుంట."

ఖాజా మియా తల ఊపాడు. కౌసర్ పక్కనే అన్నం తింటోంది. మర్నాడు పొద్దున జడ తనే వేసుకుంటానంది. పిల్ల పెద్దదవుతోంది కాబోలు అనుకుంది చాంద్‌బీ.

అప్పటి నుంచి ఆమె బండ్ల వెనక పడింది. మాట వరసకు కాదు, నిజంగానే. తెల్లారి ఎక్కడ ఇంజన్ చప్పుడైతే అక్కడికి స్టీలు పళ్లెం పట్టుకుని పోయేది. సైలెన్సర్ కింద పళ్లెం పెట్టి ఒంగి చూసేది. చూసేవాళ్లకు నవ్వు. "చాంద్‌బీ బండ్లకు పాలు పిండుతున్నది," అన్నారు. ఆమె పట్టించుకునే స్థితిలో లేదు. నరేందర్ కారుకే కాదు, స్కూటర్లకూ మోటర్‌సైకిళ్లకూ కూడా నీళ్లు వస్తున్నాయి. కొన్నిటికి పళ్లెం తడిసేంత, కొన్నిటికి గొట్టం అంచు చెమ్మగిల్లేంత. దూరం నుంచి పరిగెత్తుకొచ్చిన బండ్లకు మాత్రం చుక్క కూడా లేదు. ఎండ ముదిరాక స్టార్ట్ చేసిన వాటికి చాలా తక్కువ. పళ్లెంలో పడ్డ నీళ్లు మసి వాసన కొట్టాయి.

చలిపొద్దున వస్తాయి కాబట్టి ఇది మంచేనని ఆమెకు తట్టింది. రాత్రి కురిసిన మంచు గొట్టంలోకి పోయి పొద్దున కారుతోందన్నమాట. ఆ మాట పట్టుకుని ఒక రోజంతా హుషారుగా తిరిగింది. సాయంత్రం ఆటో ఇంటికి రాగానే, చల్లారేదాకా ఆగి, సైలెన్సర్ మూతికి ప్లాస్టిక్ సంచి చుట్టి తాడుతో బిగించి కట్టింది. పొద్దున విప్పి లోపలికి వేలు పెట్టి చూసింది. మసి తప్ప తడి లేదు. ఖాజా మియాను స్టార్ట్ చేయమంది. కాసేపటికి నీళ్లు కారాయి. చాంద్‌బీ ప్రాణం ఉసూరుమంది.

"రేడియేటర్ నీళ్లు అయితయేమో," అన్నాడు ఖాజా మియా, ఏదో ఒకటి అనాలని.

"మన ఆటోకు రేడియేటర్ ఉన్నదా?"

లేదు. గాలికే చల్లబడే ఇంజన్ అది. దానికి నీళ్లు పోసే చోటే లేదు. పోసే చోటు లేని బండి నుంచి నీళ్లు కారుతున్నాయి. ఖాజా మియా కూడా మొదటిసారి తల గోక్కుంటూ సైలెన్సర్ పక్కన కూర్చున్నాడు. అప్పటిదాకా ఇది భార్య పిచ్చి అనుకున్నవాడు, ఇప్పుడు తనకూ తెలుసుకోవాలని ఉందన్నాడు. ఆ మాటకు చాంద్‌బీకి ఎక్కడలేని బలం వచ్చింది.

ఆటో బ్రేకులు చేయించడానికి నాగర్‌కర్నూల్ పోతే ఆమె కూడా ఎక్కింది. అక్కడి మెకానిక్ మల్లేశ్ ఖాజా మియాకు పాత దోస్తు. సైలెన్సర్ నీళ్ల సంగతి విని తేలిగ్గా నవ్వేశాడు.

"అన్నిటికి వస్తది భాభీ. బండి మంచిగున్నట్టు లెక్క. గొట్టం వేడెక్కితే బంద్ అయితది. వేడెక్కినంక కూడ తెల్లపొగ ఆగకుండ వస్తుంటే, రేడియేటర్ల నీళ్లు దినాం తగ్గుతుంటే, గప్పుడు పరేషాన్ కావాలె. ఇంజన్ లోపల గ్యాస్కెట్ పోయినట్టు."

"మంచిగున్న బండికి ఎక్కడికెళ్లి వస్తయి మల్లేశ్?"

మల్లేశ్ పానా కింద పెట్టాడు. "గది తెల్వదు భాభీ. ఇన్నేండ్లల్ల నన్ను ఎవరు అడగలే."

సగం దొరికింది. నీళ్లు రావడం తప్పు కాదని తేలింది. కానీ "అన్నిటికి వస్తది" అని బక్కయ్యకు చెప్తే ఏమంటాడో ఆమెకు తెలుసు. బంకులవాళ్లూ నీళ్లు కలుపుతున్నారంటాడు. ఎక్కడి నుంచి వస్తాయో చెప్పందే ఆ ముసలాయన నోరు మూతపడదు. అంతకంటే ముందు తనకే నిద్ర పట్టదు.

కౌసర్ బడిలో సైన్సు చెప్పే సుమన టీచరమ్మది వనపర్తి. స్కూటీ మీద వచ్చేది. బడి వదిలే టైముకు చాంద్‌బీ గేటు దగ్గర నిలబడి ఆపేసింది. సంగతంతా విన్న సుమన స్కూటీ స్టాండ్ వేసి, గేటు అరుగు మీద ఆమె పక్కనే కూర్చుంది.

"పెట్రోల్ల నీళ్లుండయి చాంద్‌బీ. కాలితే నీళ్లయితయి," అంది. "పెట్రోల్ల హైడ్రోజన్ అని ఒకటుంటది. మంట తగిలితే అది గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటది. రెండు కలిస్తే నీళ్లు. ఇంజన్ కాక మీద ఉంటది గనుక ఆవిరి లెక్కనే ఉంటది, కనపడది. పొద్దుగాల సైలెన్సర్ సల్లగుంటది గద, ఆవిరి దానికి తగిలి నీళ్లయి కారుతది. జర దూరం పోతే గొట్టం కాలుతది. గప్పుడు ఆవిరి ఆవిరి తీరుగనే బయటికి పోతది."

చాంద్‌బీ ఆమె వైపు తిరిగి కూర్చుంది. "నీళ్లు పోస్తే నిప్పు ఆరుతది గద మేడం. నిప్పుల నీళ్లెట్ల పుడ్తయి?"

సుమన నవ్వింది గానీ ఎగతాళిగా కాదు. "నేను చెప్పిన, పిల్లలు రాసుకున్నరు. గీ మాట ఎవరూ అడగలే. నిజం చెప్పాల్నంటే నేనూ కండ్ల సూడలే. పెట్రోలే కాదు, కట్టెలు కాలినా గంతే, గ్యాసు కాలినా గంతే."

ఆ చివరి మాట తలలో తిరుగుతుండగా చాంద్‌బీ ఇల్లు చేరింది. అడిగినదానికి జవాబు వచ్చింది. కానీ మాటగా వచ్చింది, కంటికి రాలేదు. గాజును పగలగొట్టి చూసిన మనిషికి మాట ఏం సరిపోతుంది? తెల్లవారి టీ పెట్టడానికి, చలికి చేతులు కొంకర్లు పోతుంటే, కుండలోంచి చన్నీళ్లు గిన్నెతో ముంచి దీపం పథకం కింద వచ్చిన గ్యాసు పొయ్యి మీద పెట్టింది. పొయ్యిలో సుయ్ మన్నది.

ఆ చప్పుడు ఆమె చలికాలమంతా వినేదే. గిన్నె అడుగు సరిగ్గా తుడవలేదనుకుని కొంగుతో తుడిచి మళ్లీ పెట్టేది. ఇన్నేళ్లుగా "ఎందుకు" అని అడగని ఒకే ఒక్క సంగతి ఇంట్లోనే, తన పొయ్యి మీదే ఉంది. గిన్నె ఎత్తి అడుగు చూసింది. సన్నటి చెమట. కొంగు పెట్టి పొడిగా, గరగరలాడేట్టు తుడిచింది. మళ్లీ మంట మీద పట్టుకుని వెంటనే ఎత్తి చూసింది. మళ్లీ చెమట, అంచున బొట్లు. నీళ్లు కాగాక చూస్తే అడుగు పొడిగా ఉంది. గిన్నె చల్లగా ఉంటే నీళ్లు. వేడెక్కితే లేవు. అచ్చం కారు లాగే.

చాంద్‌బీ ఒక్కతే పొయ్యి ముందు పడీపడీ నవ్వింది. ఏమైందోనని ఖాజా మియా పరిగెత్తుకొచ్చాడు. భార్య గిన్నె తలకిందులుగా పట్టుకుని కళ్లనీళ్లు తుడుచుకుంటోంది. అంత సంతోషంగా ఆమెను పెళ్లినాడు కూడా చూడలేదని ఆయన తర్వాత అందరికీ చెప్పాడు.

మర్నాడు పొద్దున బక్కయ్య ఎప్పటిలాగే ఈరన్న హోటల్లో పాలు పోస్తున్నాడు. నరేందర్ కారు బయట ఆగి ఉంది. చలికి చౌరస్తా జనమంతా హోటల్లోనే ఉన్నారు. చాంద్‌బీ నేరుగా లోపలికి పోయింది.

"పెద్దనాయన, ఆ నీళ్లు ఎక్కడియో తెలిసింది. గిన్నె నీది, తువ్వాల నీది, చెయ్యి నీది. నేను ఏది ముట్ట."

బక్కయ్యకు ఇష్టం లేదు గానీ అంతమంది ముందు కాదనలేకపోయాడు. పాలు కొలిచి పోసే గిన్నె కడిగి, చన్నీళ్లు నింపి, తన భుజం మీది తువ్వాలతో అడుగు తుడిచాడు. ఆమె ఇంకోసారి తుడవమంది. ఈరన్న గ్యాసు పొయ్యి మంట పెంచాడు. బక్కయ్య గిన్నెను మంట మీద పట్టుకున్నాడు.

"తియ్యి. అడుగు సూడు."

అడుగంతా తడి. బక్కయ్య చేతి మీద ఒక బొట్టు కూడా పడింది. ఆయన గిన్నెను వెలుతురుకు ఎత్తి చిల్లి కోసం వెతికాడు. గోటితో గీకాడు. నీళ్లు నిండా పోసి ఊపి చూశాడు. ఎక్కడా కారలేదు. మళ్లీ తుడిచాడు, మళ్లీ పెట్టాడు. మళ్లీ తడి వచ్చింది.

"మంట కాలితే నీళ్లు పుడ్తయి," అంది చాంద్‌బీ. "సల్లటి గిన్నెకు తగిలితే కనపడతయి. సల్లటి గొట్టానికి తగిలితే కారుతయి. ఎవరూ కలపనక్కరలే. పెట్రోల్ ఎంత మంచిదైనా కాలితే నీళ్లయితది."

బక్కయ్య గిన్నె కింద పెట్టాడు. "గ్యాసు వచ్చిన కాడికెళ్లి మా ఇంట్ల పాలగిన్నె కారుతున్నదని ముసల్ది ఒకటే పోరు," అన్నాడు మెల్లగా. "చిల్లి పడ్డదని మాటేపిచ్చిన. మల్ల కారుతున్నదంటే మల్ల ఏపిచ్చిన. మాటేసినోన్ని దొంగ అని తిట్టి పంపిన."

హోటలంతా గొల్లుమంది. నరేందర్ నవ్వుతూనే బయటికి పోయి కారు స్టార్ట్ చేశాడు. సైలెన్సర్ నీళ్లు కార్చింది. "ఇది బంకు పెట్రోల్, భాభీ. మీ దగ్గర పోపియ్యక ఎన్ని దినాలాయె," అన్నాడు తలొంచుకుని. ఊరి చివరిదాకా పోయి వచ్చి మళ్లీ ఆపాడు. గొట్టం ముట్టుకుంటే కాలేట్టుంది. చుక్క లేదు. జనం వంగి వంగి చూశారు, ఒకరి తర్వాత ఒకరు, ఏదో వింత జంతువును చూడవచ్చినట్టు.

"నా నోరు మంచిది కాదు చాంద్‌బీ," అన్నాడు బక్కయ్య. ఆయన నుంచి అంతకంటే ఎక్కువ ఎవరూ ఆశించరు. ఆమెకు అది చాలు.

ఈరన్నకు మాత్రం తన తీర్పు సగంలో ఆగిపోయిన లోటు ఉండిపోయింది. అప్పుడే బడికి పోతూ జనం వెనక నిలబడ్డ కౌసర్ ఆయన కంట పడింది. పొట్టిపిల్ల. ఇంతసేపూ పెద్దవాళ్ల వీపులు తప్ప ఆ పిల్లకు ఏమీ కనపడలేదు.

"బిడ్డ కూడ వచ్చింది. ఇగ ఆ ఒక్క మాట కూడ చెప్పెయ్ చాంద్‌బీ. మల్ల ఎవడూ నోరెత్తకుండ."

ఇప్పుడు చాంద్‌బీకి అడ్డేముంది? తెలిసింది. ధైర్యంగా చెప్పగలదు. నవ్వుతూ కూతురి వైపు చెయ్యి చాచింది.

కౌసర్ ముందుకు వచ్చింది. తల వంచింది. కళ్లు గట్టిగా మూసుకుంది. పుస్తకాల సంచి తాళ్లను రెండు చేతులతో పట్టుకుని భుజాలు లోపలికి ముడుచుకుంది. చాంద్‌బీ చెయ్యి గాల్లోనే ఆగింది.

ఆమె కింద కూర్చుని పిల్ల ముఖం తన వైపు తిప్పుకుంది. "ఏమయింది బేటా?"

"నేను సావ గద అమ్మీ?" అంది కౌసర్, ఎవరికీ వినపడకూడదన్నట్టు. "నువ్వు నీళ్లు కలిపినవ్ అనుకున్న. నేను సచ్చిపోవద్దని ఒట్టు పెట్టలే అనుకున్న. నేను ఎవరికీ చెప్పలే."

చాంద్‌బీ ఊరంతా తిరిగింది. మెకానిక్కును అడిగింది, టీచరమ్మను అడిగింది, బక్కయ్యకు ఆయన గిన్నెతోనే చూపించింది. పక్కలో పడుకునే పిల్లకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు. ఊళ్లోవాళ్లకైనా అనుమానమే. ఈ పిల్ల నమ్మేసింది. నమ్మి, దొంగైనా తన తల్లే కదా అని ఆ బరువును ఒక్కతే మోసింది. ఈరన్న ఇంకేదో అంటున్నాడు గానీ ఆమె చెవికి ఎక్కలేదు.

"పొయ్యి ఆర్పకు ఈరన్న," అంది లేస్తూ.

కౌసర్ చెయ్యి పట్టుకుని పొయ్యి ముందుకు తీసుకుపోయి, పొయ్యి అందకపోతే స్టూలు ఎక్కించింది. గిన్నెలోని నీళ్లు పారబోసి మళ్లీ చన్నీళ్లు నింపింది. అడుగు తుడవమని కొంగు ఆ పిల్ల చేతికే ఇచ్చింది. జనానికి చెప్పినట్టు గట్టిగా చెప్పలేదు. చెవి దగ్గర నోరు పెట్టి, ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలో, మంట గురించీ గొట్టం గురించీ మొదటి నుంచీ చెప్పింది. కౌసర్ గిన్నెను మంట మీద పెట్టి, వెంటనే ఎత్తి అడుగు చూసింది. వేలు పెట్టి తడి ముట్టింది. నాలుకకు తగిలించి చూసింది. మళ్లీ తుడిచి మళ్లీ పెట్టింది. బడి గంట కొట్టింది, అయినా ఎవరూ పొమ్మనలేదు. బక్కయ్య కూడా గిన్నె అడగలేదు.

చివరికి కౌసర్ స్టూలు దిగింది. తల్లి ఎదురుగా నిలబడింది. ఈసారి కళ్లు మూసుకోలేదు.

"ఇగ పెట్టు అమ్మీ," అంది.

చాంద్‌బీ తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని కూతురి తల మీద పెట్టింది.